ఇనుముకూ అలసట ఉందా?

పోయిన ఏడాది ఆగస్టులో ఒకనాటి ఉదయం బడికి వెళ్తూ సైకిలు మీద నుంచి పడ్డాను. రోడ్డు మీద గుంత లేదు. ఎదురుగా బండి రాలేదు. నా ఎడమ కాలి కింది పెడలు, దాన్ని పట్టుకుని ఉండే కాడతో సహా ఊడి కింద పడింది. దాని వెనకే నేనూ పడ్డాను. మోకాలు దోక్కుపోయింది. ఆ సంగతి అటుంచండి. సైకిలు నడిపించుకుంటూ కూడలిలో ఉన్న షాపుకు తీసుకెళ్తే మెకానిక్ విప్పి చూశాడు. రెండు పెడలు కాడలనూ కలుపుతూ సైకిలు చట్రంలో అడ్డంగా ఒక చిన్న ఉక్కు ఇరుసు ఉంటుంది గదా, అది తెగిపోయింది. తెగింది కూడా ఎక్కడ? కాటరు పిన్ను కూర్చోవడానికి ఇరుసుకు పెట్టిన గాటు దగ్గర సరిగ్గా.

“ఇది ఇవాళ విరిగింది కాదు మాస్టారూ, ఎన్నడో మొదలైంది” అన్నాడతను, తెగిన ముక్కను నా చేతిలో పెట్టి. నిజమే. తెగిన చోట రెండు రకాల ముఖాలు కనిపించాయి. ఒక పక్క ముప్పాతిక భాగం నున్నగా, నల్లగా ఉంది. మిగిలిన పాతిక భాగం కొత్తగా విరిచిన పటికబెల్లంలా గరుకుగా, మెరుస్తూ ఉంది.

నాకు తట్టిన ప్రశ్న మరొకటి. దానికి ముందురోజు సాయంత్రమే అదే సైకిలు మీద 25 కిలోల బియ్యం బస్తా వేసుకుని, మా ఊరి ఎత్తు దగ్గర సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కుకుంటూ వచ్చాను. అప్పుడు విరగని ఇరుసు, మర్నాడు చదునైన రోడ్డు మీద, ఒక్క పుస్తకాల సంచితో వెళ్తుంటే ఎందుకు విరిగింది? మీరూ ఒక నిమిషం ఆలోచించండి. జవాబు తరవాత చూద్దాం.

ముందు చిన్న ప్రయోగం. కాగితాలకు పెట్టే ఉక్కు క్లిప్పులు నాలుగు తీసుకోండి. ఒకదాన్ని సాగదీసి, మధ్యలో లంబకోణం వచ్చేలా వంచి, మళ్లీ తిన్నగా చెయ్యండి. అదే చోట అలాగే వంచుతూ ఎన్నోసారికి విరిగిందో లెక్కపెట్టండి. రెండోదాన్ని లంబకోణంలో సగం మేరకే వంచండి. మా తొమ్మిదో తరగతి పిల్లలు చేసినప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చింది. దాని గురించి తగాదా కూడా పడ్డారు. కాని ఒక విషయంలో అందరూ ఏకీభవించారు: తక్కువ వంచితే చాలా ఎక్కువసార్లు తట్టుకుంటుంది. లాగి తెంచుదామంటే మీ ఇద్దరి బలమూ చాలని తీగ, వేళ్లతో అటూ ఇటూ వంచితే తెగిపోతోంది. తెంపింది బలం పరిమాణం ఒక్కటే కాదు, మళ్లీ మళ్లీ పడటం. దీనినే ఇంజనీర్లు లోహపు అలసట అంటారు. పేరు చూసి మోసపోకండి. మనం అలసిపోతే రాత్రి పడుకుని లేచేసరికి తేరుకుంటాం. లోహం తేరుకోదు. సైకిలును నెల రోజులు గోడకు చేరవేసి ఉంచినా, దాని ఇరుసులో పుట్టిన పగులు పగులుగానే ఉంటుంది.

క్లిప్పును మనం కంటికి కనబడేలా వంచుతున్నాం. ఇరుసులు అలా వంగవు. వాటి వంపు కంటికి ఆనదు. కాని ఎన్నిసార్లు? నా సైకిలు సంగతే చూడండి. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 5 మీటర్లు పోతుంది. ఇంటి నుంచి బడికి రానూపోనూ 8 కిలోమీటర్లు, అంటే రోజుకు 1,600 చుట్లు. ఏడాదికి 220 పనిదినాల చొప్పున 11 ఏళ్లు. గుణించి చూడండి, 38 లక్షలు దాటుతుంది. ప్రతి చుట్టుకూ నా కాలు ఆ ఇరుసును ఒకసారి వంచి వదిలిందన్నమాట!

రైలు ఇరుసు మాట చెప్పనే అక్కర్లేదు. పెట్టె చక్రం వ్యాసం సుమారు 915 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక చుట్టుకు రైలు 2.87 మీటర్లు పోతుంది. సికింద్రాబాదు నుంచి విశాఖపట్నం సుమారు 700 కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రయాణంలో ఇరుసు దాదాపు 2 లక్షల 44 వేల సార్లు తిరుగుతుంది.

తిరిగితే నష్టమేమిటి? ఇక్కడ కావడిని గుర్తు చేసుకోండి. రెండు చివరలా బరువు వేలాడుతుంది, మధ్యలో భుజం మోస్తుంది. బద్ద పైకి ఉబ్బినట్టు వంగుతుంది. పైవైపు సాగుతుంది, కిందివైపు నొక్కుకుంటుంది, సరిగ్గా నడిమి పొర సాగదూ, నొక్కుకోదూ. రైలు ఇరుసు కూడా కావడి బద్దే. పెట్టె బరువు చక్రాలకు వెలుపల, ఇరుసు రెండు కొసల మీద పడుతుంది. చక్రాలు లోపలివైపు నుంచి మోస్తాయి. అయితే కావడి తిరగదు, రైలు ఇరుసు చక్రాలతోబాటే తిరుగుతుంది. ఇప్పుడు పైన ఉండి సాగుతున్న ఉక్కు, అర చుట్టు తిరిగేసరికి కిందికి వెళ్లి నొక్కుకుంటుంది. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. మన ఎడ్లబండి ఇరుసుకు ఈ బాధ లేదు. అది కదలకుండా ఉంటుంది, చక్రాలే దాని మీద తిరుగుతాయి. వేల ఏళ్లు బండ్లు కట్టిన మనిషికి ఈ కొత్త రోగం రైలు వచ్చాకే గట్టిగా తగలడానికి అదొక కారణం.

తగలడం మామూలుగా తగల్లేదు. 1842 మే 8వ తేదీన ఫ్రాన్సు దేశంలో వెర్సాయి నుంచి పారిసుకు జనంతో కిక్కిరిసి వస్తున్న రైలుకు ముందున్న ఇంజను ఇరుసు విరిగింది. వెనకనున్న ఇంజనూ పెట్టెలూ దాని మీదికి ఎక్కాయి. నిప్పు అంటుకుంది. ఆ రోజుల్లో ప్రయాణికులు దిగిపోకుండా పెట్టెల తలుపులకు తాళాలు వేసేవారు. యాభై మందికి పైగా ఆహుతయ్యారు. అంటార్కిటికా సముద్రాల్లో తిరిగి క్షేమంగా ఇల్లు చేరిన ద్యుమాన్ ద్యుర్విల్ అనే ప్రసిద్ధ నావికుడు, భార్యతో, కొడుకుతో సహా ఆ రైల్లోనే చనిపోయాడు.

ఎందుకు విరిగింది? అప్పటి పెద్దలు ఒక సమాధానం చెప్పేవారు. మంచి ఇనుము లోపల నారలాగా ఉంటుందనీ, అదురుతూ అదురుతూ ఉంటే ఆ నార కాస్తా స్ఫటికాలుగా మారి పెళుసెక్కుతుందనీ వాళ్ల నమ్మకం. విరిగిన చోట గరుకుగా మెరుస్తున్న భాగం చూసి అలా అనుకున్నారు. నిజానికి లోహం ఎప్పుడూ స్ఫటికాల ముద్దే, కొత్తగా మారేది ఏమీ లేదు. స్కాట్లండుకు చెందిన రాంకిన్ అనే కుర్ర ఇంజనీరు విరిగిన ఇరుసులను దగ్గరపెట్టుకుని శ్రద్ధగా చూశాడు. అతనికి అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. ఇరుసు లావు ఒక్కసారిగా తగ్గే చోట, ఆ మూల దగ్గర, పగులు చుట్టూరా పైనుంచి మొదలై నెమ్మదిగా లోపలికి పాకుతోందని గుర్తించి 1843లో వ్యాసం రాశాడు. మూలను నిటారుగా కోయకుండా గుండ్రంగా వంపు తిప్పి దిద్దండి, అన్నాడు. మందు కూడా అప్పుడే చెప్పేశాడన్నమాట. కాని స్ఫటికాల కథ మాత్రం చాలాకాలం చావలేదు. ఇప్పటికీ కొన్ని షెడ్లలో “ఇనుము చచ్చిపోయింది సార్” అనే మాట వింటూ ఉంటాను.

పగులు ఎలా పుడుతుంది? స్ఫటికం లోపల పరమాణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. కొత్త పేకకట్టను బల్ల మీద పెట్టి పక్కకు నెడితే ముక్కలు ఒకదాని మీద ఒకటి జారతాయి గదా. మళ్లీ వెనక్కి నెట్టండి. అలా వందసార్లు చేస్తే కట్ట అంచు మొదటిలా నున్నగా ఉంటుందా? కొన్ని ముక్కలు బయటికి పొడుచుకు వస్తాయి, కొన్ని లోపలికి పోతాయి. లోహం ఉపరితలం మీద కూడా ఇలాగే సన్నని గట్లూ గాళ్లూ ఏర్పడతాయి. 1903లో యూయింగ్, హంఫ్రీ అనే బ్రిటిషు శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినిలో స్వీడన్ ఇనుమును చూస్తూ ఈ జారుడు గీతలు క్రమంగా పగుళ్లయ్యే తీరును కనిపెట్టారు. పగులు పుట్టాక ప్రతి సాగుడుకూ కొస దగ్గర రవ్వంత ముందుకు జరుగుతుంది. వేసవిలో చెరువు ఎండుతున్నప్పుడు గట్టు మీద నీటి మట్టం గీతలు గీతలుగా మిగలడం చూశారా? అలసటకు తెగిన ముఖం మీద కూడా తరచు అలాంటి వంపు గీతలు ఉంటాయి. పగులు ఏ మూల పుట్టిందో అవే వేలు పెట్టి చూపిస్తాయి.

ఇప్పుడు నా ఇరుసు ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. నున్నని నల్లని ముప్పాతిక భాగం నెలల తరబడి పాకిన పగులు. దాని రెండు ముఖాలూ రాసుకుని రాసుకుని నునుపెక్కాయి. గ్రీజు, మురికి చేరి నల్లబడ్డాయి. మిగిలిన పాతిక భాగమే నన్ను మోస్తోంది. ముందురోజు ఎత్తు మీద నిలబడి తొక్కినప్పుడు పగులు ఇంకాస్త లోపలికి దిగి ఉంటుంది. మర్నాడు మామూలు తొక్కుడుకే ఆ మిగిలింది చాలలేదు, ఫట్టుమంది. బస్తా చేసిన పనికి పుస్తకాల సంచి మీద నింద పడింది!

మరి గాటు దగ్గరే ఎందుకు తెగింది? బట్టల కొట్లో గుడ్డ చింపేవాడిని గమనించండి. ముందు అంచున కత్తెరతో చిన్న గాటు పెడతాడు. తరవాత లాగితే సర్రున చిరుగుతుంది. గాటు లేకపోతే ఎంత బలవంతుడైనా తంటాలు పడాల్సిందే. ఒక పలకను లాగుతున్నప్పుడు బలం దాని గుండా కాలవలో నీరులా పోతోందనుకోండి. మధ్యలో వంతెన స్తంభం ఉంటే నీరు దాన్ని తప్పుకుని పక్కలకు ఒత్తుకుంటూ పోతుంది. పలకలో రంధ్రం ఉన్నా అంతే. వెడల్పైన పలకలో చిన్న గుండ్రని రంధ్రం అంచున ప్రతిబలం, అంటే ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా పడే బలం, మిగతా చోట్ల కంటే మూడు రెట్లు ఉంటుందని 1898లో కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు గణితంతో చూపాడు. మూల ఎంత వాడిగా ఉంటే ఆ రెట్లు అంత పెరుగుతాయి. అందుకే మీరు చూసే ప్రతి మంచి ఇరుసుకూ లావు మారే చోట మెత్తని వంపు ఉంటుంది.

ఒక తమాషా చెబుతాను. లోహపు రేకులో పగులు కనబడితే, దాని కొసన చిన్న రంధ్రం తొలవడం మెకానిక్కులకు అలవాటు. రంధ్రం చెడ్డదని ఇప్పుడే చెప్పాను, మరి ఇదేమిటి? పగులు కొస సూది మొన కంటే వాడి. దానితో పోలిస్తే గుండ్రని రంధ్రం ఎంతో మెత్తన. మూడు రెట్లతో పోయేదానికి అంతకు ఎన్నో రెట్లు భరించడమెందుకు? పగులు అక్కడ కొంతకాలం ఆగుతుంది. అసలు కొస దాటి తొలిస్తేనే సుమండీ, కొస లోపలే తొలిస్తే ఫలితం సున్న.

ఇంతవరకూ కారణం తెలిసింది. ఎంత బలం ఎన్నిసార్లు పడితే విరుగుతుందో లెక్క కావాలి. ఆ లెక్క తీసినవాడు ఆగస్టు వోలర్. ప్రష్యా దేశపు రైల్వేలో పెట్టెల మరమ్మతు చూసే ఇంజనీరు. ఆయన పద్ధతి నాకెంతో ఇష్టం. ఊహతో మొదలుపెట్టలేదు. నడుస్తున్న రైలు ఇరుసు నిజంగా ఎంత వంగుతోందో జింకు రేకు మీద ముల్లుతో గీత పడేలా ఒక పరికరం అమర్చి చూశాడు. ఆపైన ఇరుసు ముక్కలను బరువు కింద వంచుతూ గిరగిరా తిప్పే యంత్రం కట్టాడు. ఒక్కో ముక్కకు ఒక్కో బరువు. విరిగేదాకా తిప్పడం, లెక్కపెట్టడం. 1858 నుంచి 1870 వరకూ ఫలితాలు ప్రకటిస్తూ వచ్చాడు. మీరు క్లిప్పుతో చూసిందే ఆయన లక్షల చుట్లతో చూశాడు. ప్రతిబలం తగ్గించేకొద్దీ ఆయుర్దాయం ఎన్నో రెట్లు పెరిగింది. ఉక్కు విషయంలో మరో మంచి కబురు: ఒక హద్దుకు దిగువన ఉంచితే ముక్క విరగనే లేదు. అల్యూమినియం మిశ్రమాలకు అంత స్పష్టమైన హద్దు లేదు. వాటి అలసట ఎలా ఉంటుందో 1954లో కామెట్ అనే జెట్ విమానాలు చెప్పాయి. జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండూ ఇటలీ దగ్గర సముద్రం మీద గాలిలోనే ముక్కలయ్యాయి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి, లోపలి పీడనాన్ని విమానం ఎక్కిదిగినట్టు పెంచుతూ తగ్గిస్తూ పోతే, అది అంతకు ముందు నిజంగా ఎగిరినవీ కలిపి 3,057 సార్లకు గోడ చీలింది.

మన రోడ్డు మీది లారీకి వద్దాం. లారీ చట్రంలో రెండు పొడవాటి ఉక్కు దూలాలు ఉంటాయి. అడ్డుకోత చూస్తే ‘[’ ఆకారం. కావడి బద్ద పాఠం ఇక్కడా వర్తిస్తుంది. పై అంచూ కింది అంచూ ఎక్కువ బాధ పడతాయి, నిలువు గోడ నడిమి భాగం తక్కువ. కాబట్టి ఏదైనా బిగించడానికి బెజ్జం తొలవాలంటే నిలువు గోడలోనే తొలవాలి. పై అంచునో కింది అంచునో తొలవకూడదు. కంపెనీ పుస్తకాల్లో ఈ మాట రాసే ఉంటుంది. అయినా బాడీ కట్టే చోట పై అంచునే తొలిచి బోల్టు బిగించిన లారీలను నేను చూశాను. ఇంకో పొరపాటు, చట్రం బలహీనంగా ఉందని మందపాటి పట్టీ ఒకటి వెల్డింగు చెయ్యడం. పట్టీ ఉన్నంత మేరా చట్రం వంగదు. పట్టీ ఆగిన చోట వంపంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. అక్కడే వెల్డింగు అంచు కూడా ఉంటుంది. కొన్నాళ్లకు పగులు సరిగ్గా అక్కడే. పట్టీ కొసలను సన్నగా, ఏటవాలుగా కోసి, క్రమంగా ముగిస్తే ఆ బెడద చాలా తగ్గుతుంది. ఎక్కువ ఇనుము వేస్తే ఎక్కువ బలం అనే లెక్క అలసట దగ్గర చెల్లదు.

పోనీ మరింత గట్టి ఉక్కు వాడితే? వెల్డింగు చేసిన అతుకుల దగ్గర అదీ పెద్దగా పనిచేయదు. అతుకు అంచున పుట్టుకతోనే సూక్ష్మమైన లోపాలు ఉంటాయి. అవి గట్టి ఉక్కులోనూ ఉంటాయి, మెత్తని ఉక్కులోనూ ఉంటాయి. అలాంటి అతుకులకు ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం ప్రతిబలం రెట్టింపైతే ఆయుర్దాయం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అంటే ఘనం చొప్పున. నూటికి పాతిక చొప్పున ప్రతిబలం పెంచి చూడండి: 1.25 × 1.25 × 1.25 = 1.95. ఆయుర్దాయం దాదాపు సగం! నాలుగు టన్నులకు ఒక టన్ను అదనంగా వేసే యజమాని ఆ కిరాయిని ఎక్కడి నుంచి తీస్తున్నాడో అర్థమైందా?

బరువు రోజుకోలా ఉంటుంది గదా, మొత్తం లెక్క ఎలా కడతారు? దీనికి స్వీడన్‌లో పామ్‌గ్రెన్ 1924లో, అమెరికాలో మైనర్ 1945లో ఒకే సులువు చెప్పారు. ధాన్యం తియ్యడమే గాని పొయ్యడం లేని గాదె అనుకోండి. ఒక భాగం తేలిక బరువుతో 10 లక్షల సార్లు, మధ్యరకంతో 1 లక్ష సార్లు, పెద్ద కుదుపుతో 10 వేల సార్లు తట్టుకుంటుంది. ఇప్పటికి తేలికవి 4 లక్షలు, మధ్యరకంవి 30 వేలు, పెద్దవి 3 వేలు పడ్డాయి. ఖర్చు 0.4 + 0.3 + 0.3 = 1. గాదె ఖాళీ. పెద్ద కుదుపులు మూడు వేలే అయినా, ముప్ఫై వేల మధ్యరకంవాటితో సమానంగా తినేశాయి చూడండి. ఇది ఉజ్జాయింపు లెక్క. ఏ కుదుపు ముందు, ఏది వెనక అనే తేడా దీనికి పట్టదు. అయినా ఇప్పటికీ వాడుతున్నారు.

కుదుపులు ఎన్నో తెలియాలంటే కొలవాలి. వోలర్ జింకు రేకుకు బదులు ఇప్పుడు సన్నని తీగను లోహానికి అంటిస్తారు. లోహం సాగితే తీగా సాగి దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ కొలతలతో కంప్యూటరు మీద చట్రం లెక్కలు వేసి, ఆపైన బండిని ఎగుడుదిగుడు రాళ్లు పరచిన పరీక్ష బాటల మీద తిప్పుతారు. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీఠంపూర్‌లోని పరీక్షా కేంద్రంలో అలసట కోసమే ఒక బాట ఉంది. ఏళ్ల తరబడి పడే దెబ్బలను కొద్ది నెలల్లో పడేలా చేస్తారక్కడ.

లారీ కమాను కట్టల మీద ఇంకో ఉపాయం ఉంది. చిన్న చిన్న ఉక్కు గుళ్లను ధారగా వేగంగా పట్టీ ఉపరితలం మీదికి కొడతారు. ప్రతి గుండూ ఒక చిన్న సుత్తి దెబ్బ. పైపొర సాగబోతుంది, లోపలి లోహం సాగనివ్వదు. దానితో పైపొర ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. నొక్కుకున్న చోట పగులు నోరు తెరవలేదు. అందువల్ల కమాను ఆయుర్దాయం ఎంతో పెరుగుతుంది. తుప్పు పట్టి గుంటలు పడితే మాత్రం ఆ లాభమంతా పోతుంది. ఆ గుంటలూ గాట్లే మరి.

ఇంత తెలిశాక కూడా 1998 జూన్ 3న జర్మనీలో ఎషెడె అనే ఊరి దగ్గర వేగంగా పోతున్న రైలు పడిపోయి 101 మంది చనిపోయారు. ఆ రైలు చక్రానికి చప్పుడు తగ్గాలని లోపలి చక్రానికీ బయటి ఉక్కు పట్టాకూ మధ్య రబ్బరు పెట్టారు. రబ్బరు మెత్తన గనుక పట్టా ప్రతి చుట్టుకూ కాస్త అణగి లేచేది. అరిగి పలచబడ్డాక మరీ ఎక్కువ. పగులు పుట్టింది పట్టా లోపలి ముఖం మీద. బయటినుంచి చూసేవాడికి కనబడని చోటు. తరవాత ఆ రైళ్లకు ఒకే ముద్దగా చేసిన చక్రాలు వేశారు.

కనబడని పగులును వినవచ్చు. ఒకప్పుడు పెద్ద స్టేషన్లలో రైలు ఆగగానే ఒక మనిషి పొడుగాటి సుత్తితో చక్రాలను తట్టుకుంటూ పోయేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగిలింది పగిలిన కుండలా పలుకుతుంది. ఇప్పుడు మన రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసు కొసన అతిధ్వని పరికరం ఆనించి, మన చెవికి వినబడనంత ఎక్కువ పౌనఃపున్యం గల తరంగాలను లోపలికి పంపుతారు. పగులు ఉంటే తరంగం అక్కడే తగిలి, రావలసిన వేళకు ముందే తిరిగి వస్తుంది. ఎంత ముందు వచ్చిందో చూసి, పగులు ఎంత దూరంలో ఉందో లెక్కకడతారు.

నా తెగిన ఇరుసును పారెయ్యలేదు. మా బడి ప్రయోగశాల బీరువాలో గాజు సీసాలో ఉంది. మీ ఊరి సైకిలు షాపులోనూ, లారీ షెడ్డులోనూ ఇలాంటి ముక్కలు మూలన పడి ఉంటాయి, అడిగితే ఇస్తారు. ఒక భూతద్దం తీసుకెళ్లండి. నున్నటి భాగం ఎంత, గరుకు భాగం ఎంత, గీతలు ఏ మూల నుంచి మొదలయ్యాయి, ఆ మూలలో ఏముంది అని చూడండి. గాటా, బెజ్జమా, వెల్డింగు అంచా, తుప్పు గుంటా? మా పిల్లలు ఇప్పటికి పదకొండు ముక్కలు పోగుచేశారు. తొమ్మిదింటికి మూలకారణం దొరికింది. మిగిలిన రెండూ బాగా తుప్పు పట్టి ఉన్నాయి. వాటి మీద తగాదా ఇంకా నడుస్తోంది.